బోణీకి ముందు: చిన్న వ్యాపారాన్ని గురించి పరిశోధకులు కనుగొన్నవి

తెల్లవారుజామున కోయంబేడు మార్కెట్టులో టమోటా పెట్టె కొనే వ్యాపారికి తాను ఎంతకు కొన్నాడో తెలుసు. సాయంత్రానికి అది ఎంతకు చెల్లుతుందో తెలియదు. 1755లో, రచయిత మరణించిన చాలా ఏళ్లకు, వెలువడిన ఒక ఆర్థికశాస్త్ర గ్రంథంలో రిచర్డ్ కాంటిలాన్ అనే పండితుడు ‘ఆంట్రప్రెన్యూర్’ అన్న ఫ్రెంచి మాటకు ఇచ్చిన అర్థం దాదాపుగా ఇదే: నిశ్చితమైన ధరకు కొని, అనిశ్చితమైన ధరకు అమ్మేవాడు. ఈ మాటకు మన భాషలో సరైన సమానార్థకం ఇంకా స్థిరపడలేదు. ‘పారిశ్రామికవేత్త’ అంటే పొగగొట్టాలు కళ్లముందు కదులుతాయి. ‘వ్యవస్థాపకుడు’ అంటే ఏదో విద్యాసంస్థ గుర్తుకు వస్తుంది. తోపుడుబండి తోసుకుపోయే మనిషికి ఆ రెండూ అతకవు. కనుక ఈ వ్యాసంలో ‘వ్యాపారి’ అన్న పాత మాటనే వాడుతున్నాను. కాంటిలాన్ ఉద్దేశించినవారిలో కూరగాయలవారూ, నీళ్లు మోసేవారూ కూడా ఉన్నారు.

నెల్లూరు, ప్రకాశం, చిత్తూరు, శ్రీకాకుళం జిల్లాల నుంచి చెన్నపట్టణానికి వచ్చినవారిలో చాలామంది కొన్నేళ్లు కూలికో జీతానికో పనిచేసి, పిమ్మట సొంతంగా ఏదైనా పెట్టుకుందామని ఆలోచిస్తారు. టిఫిను బండి, కిరాణా కొట్టు, కుట్టుపని, సెల్‌ఫోన్ మరమ్మతు, పూల వ్యాపారం. ఆ ఆలోచన వెనుక పదేళ్ల పొదుపు ఉంటుంది, కొన్నిసార్లు ఇల్లాలి మెడలోని నగ ఉంటుంది. ఎవరిని సలహా అడిగినా ఎవరి అనుభవం వారు చెబుతారు. నెగ్గినవారు ధైర్యం కావాలంటారు, ఓడినవారు కాలం కలిసిరాలేదంటారు. ఈ రెండింటికీ భిన్నంగా, గత పాతిక సంవత్సరాలలో కొందరు ఆర్థికవేత్తలు చిన్న వ్యాపారాలను మందులను పరీక్షించిన పద్ధతిలో పరీక్షించారు. ఒకే రకమైన వ్యాపారులను పెద్దసంఖ్యలో ఎంచుకొని, చీటీ వేసినట్లుగా కొందరికి అప్పు లేదా శిక్షణ అందించి, తక్కినవారికి అందించక, కొన్నేళ్ల తరువాత ఉభయుల పరిస్థితిని పోల్చారు. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, మైకేల్ క్రెమర్‌లకు 2019లో ఆర్థికశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది ఇటువంటి పద్ధతులను పేదరికపు సమస్యలకు అన్వయించినందుకే.

వీటిలో మనకు అతి దగ్గరిది హైదరాబాదులో జరిగిన పరిశోధన. నగరంలోని 104 పేద బస్తీలను ఎంపిక చేసి, వాటిలో 52 బస్తీలలో మాత్రం స్పందన అనే సూక్ష్మరుణ సంస్థ 2006-07లో శాఖలు తెరిచేటట్లు ఏర్పాటు జరిగింది. మొదటి రుణం 10,000 రూపాయలు. మహిళల బృందాలకు ఇచ్చేవారు, 50 వారాలలో తీర్చాలి. అప్పటికి దేశమంతటా సూక్ష్మరుణం మీద గొప్ప ఆశలు ఉండేవి. అప్పు అందితే చాలు, ప్రతి ఇల్లూ ఒక వ్యాపారకేంద్రం అవుతుందని, పేదరికం తొలగుతుందని అనుకున్నారు. ఫలితాలు ఆ స్థాయిలో రాలేదు. మొదటగా, అప్పు అందుబాటులోకి వచ్చినా తీసుకోవడానికి జనం ఎగబడలేదు: శాఖలు తెరవని బస్తీలలో ఏదో ఒక సూక్ష్మరుణం తీసుకున్న కుటుంబాలు నూటికి సుమారు 18 కాగా, తెరిచినచోట సుమారు 27. తీసుకున్నవారిలో అంతకుముందే వ్యాపారం ఉన్నవారు పెట్టుబడి పెంచారు. కుటుంబాలు మన్నికైన వస్తువులు కొనడం పెరిగింది, తాంబూలం, పొగాకు, బయటి చిరుతిండి వంటి వాటిమీద ఖర్చు కొంత తగ్గింది. కాని సగటు కుటుంబం మొత్తం వినియోగంలో చెప్పుకోదగిన మార్పు లేదు. పిల్లల చదువులో, ఆరోగ్యంలో, ఇంట్లో స్త్రీల మాట చెల్లుబాటులో కూడా మార్పు కనిపించలేదు.

కథ ఇంతటితో ముగియలేదు. 2010 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సూక్ష్మరుణ సంస్థలపై ఆర్డినెన్సు జారీచేయడంతో రాష్ట్రమంతటా ఆ రుణాలు దాదాపుగా నిలిచిపోయాయి. పరిశోధకులు మళ్లీ అవే బస్తీలకు వెళ్లారు. మొదలుపెట్టిన ఆరేళ్లకు, అప్పు ఆగిపోయిన తరువాత, ఎవరి వ్యాపారం ఎలా ఉన్నదో చూశారు. ఇక్కడ ఒక స్పష్టమైన విభజన కనిపించింది. రుణం రాకముందే ఏదో ఒక వ్యాపారం నడుపుతున్నవారి దగ్గర, రుణం అందని బస్తీలలోని అటువంటివారితో పోలిస్తే, వ్యాపార ఆస్తులు 35 శాతం ఎక్కువగా ఉన్నాయి, అమ్మకాలు రెట్టింపుగా ఉన్నాయి. మునుపు వ్యాపారం లేనివారి మీద మాత్రం ప్రభావం దాదాపు శూన్యం. సగటు లెక్క ఈ రెండు రకాలవారినీ కలిపివేసి అసలు విషయాన్ని కప్పిపుచ్చింది.

దీనిని నేను ఇలా అర్థం చేసుకుంటున్నాను. అప్పు వ్యాపారిని తయారుచేయదు. ఉన్న వ్యాపారికి మాత్రం ఊతమిస్తుంది. బెనర్జీ, డఫ్లో 2011లో వెలువరించిన గ్రంథంలో ‘అయిష్ట వ్యాపారులు’ అని ఒక అధ్యాయమే ఉంది. పేదలలో చాలామంది వ్యాపారం మీద మక్కువతో కాక, మరో పని దొరకక కొట్టు పెడతారని, ఇంటిల్లిపాదీ ఊరకే చేసే చాకిరీకి అతి తక్కువ కూలి కట్టినా చాలా దుకాణాలు నష్టంలోనే తేలుతాయని అందులో చూపారు. మీ ప్రయత్నానికి ఈ ఒక్క లెక్క ముందుగా వేసుకోవడం మంచిది: మీరూ మీ ఇంటివారూ కొట్టులో గడిపే గంటలకు బయట దొరికే కూలి ఎంతో, దానిని లాభంలోంచి తీసివేస్తే మిగిలేది ఎంతో. సున్నా మిగిలినా కొందరు వ్యాపారాన్నే ఎంచుకోవచ్చు. పసిపిల్లల తల్లికి ఇంటిగుమ్మంలోనే పని ఉండటం ఒక విలువ. అయితే అది తెలిసి ఎంచుకోవడం వేరు, తెలియక ఇరుక్కోవడం వేరు.

మరి మదుపు పెంచితే ఆదాయం ఎంత పెరుగుతుంది? శ్రీలంకలో సురేశ్ ద మెల్, డేవిడ్ మెకెంజీ, క్రిస్టఫర్ ఉడ్రఫ్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు చిన్న వ్యాపారులకు చీటీ పద్ధతిలో 10,000 లేదా 20,000 శ్రీలంక రూపాయలు తిరిగి ఇవ్వనక్కరలేని ధనంగా ఇచ్చి చూశారు. 2008లో ప్రకటించిన ఫలితం ప్రకారం, చేర్చిన ప్రతి నూరు రూపాయల మీదా నెలకు సగటున సుమారు అయిదు రూపాయల అదనపు ఆదాయం వచ్చింది. ఏడాదికి ఇది 55 నుంచి 63 శాతం. బ్యాంకు వడ్డీలకు ఇది ఎంతో మించినది. చిన్న కొట్టుకు మదుపు కొరత నిజమైన కొరతేనని దీనివల్ల రుజువయింది.

అయితే ఈ అయిదు రూపాయలను మన వీధులలో దొరికే రోజువారీ ఫైనాన్సు పక్కన పెట్టి చూడాలి. పదివేల అప్పులో పదిహేను వందలు ముందే పట్టుకొని ఎనిమిదివేల అయిదువందలు చేతికిచ్చి, రోజుకు వంద చొప్పున వంద రోజులు వసూలు చేసుకునే ఏర్పాటు చాలామందికి పరిచయమే. పైకి ఇది నూటికి పదిహేనుగా కనిపిస్తుంది. కాని మొదటి రోజునుంచే అసలు తిరిగిపోతూ ఉంటుంది గనుక, సగటున మీ చేతిలో ఉండేది ఎనిమిదిన్నర వేలు కాదు, అందులో సుమారు సగం. ఆ సగం మీద వంద రోజులకు పదిహేను వందలు వడ్డీ. సరిగా లెక్కకడితే నెలకు నూటికి దాదాపు పది రూపాయల వడ్డీ. శ్రీలంక వ్యాపారులు పొందిన మంచి రాబడి నెలకు అయిదు. పది చెల్లించి అయిదు సంపాదించే వ్యాపారం ఎంత కష్టపడి నడిపినా మొదటికే మోసం. ‘మొదలు’ అన్న మాట తెలుగులో ఆరంభానికీ అసలు ధనానికీ రెండింటికీ వాడుతాము. తమిళంలో ‘ముదల్’ కూడా అంతే. వీధిలో వ్యాపారం చేసే మనిషికి ఆ రెండు అర్థాలు ఒకటేనని భాష ఎప్పుడో గుర్తించినట్లుంది.

వడ్డీ ఎంత అన్నదే కాక, వాయిదా ఎప్పుడు మొదలవుతుందన్నది కూడా ముఖ్యమే. కోల్‌కతాలో ఒక సూక్ష్మరుణ సంస్థ ఖాతాదారులలో కొందరికి అలవాటు ప్రకారం రెండు వారాలకే మొదటి వాయిదా పెట్టారు, మరికొందరికి రెండు నెలల విరామం ఇచ్చారు. తక్కిన షరతులలో చెప్పుకోదగిన భేదం లేదు. మూడేళ్ల తరువాత చూస్తే, విరామం పొందినవారి వ్యాపార లాభం సుమారు 41 శాతం ఎక్కువగా ఉంది. కారణం ఊహించదగినదే. రెండు వారాలలో వాయిదా కట్టవలసినవాడు వెంటనే అమ్ముడుపోయే సరుకే కొంటాడు. రెండు నెలలు గడువున్నవాడు కుట్టుమిషను కొంటాడు, లేదా కొత్త రకం సరుకు ప్రయత్నిస్తాడు. కాని ఇదే పరిశోధనలో మరో సంగతి తేలింది: విరామం పొందినవారిలో అప్పు తీర్చలేక ఎగవేసినవారు కూడా ఎక్కువయ్యారు. సాహసానికి వీలు కల్పిస్తే కొందరు పైకి వస్తారు, కొందరు పడిపోతారు. 2013లో వెలువడిన ఈ వ్యాసాన్ని కొందరు ఒకవైపు మాత్రమే ఉదహరిస్తుంటారు. రెండు వైపులా చెప్పడమే న్యాయం.

స్త్రీల విషయంలో శ్రీలంక ఫలితం మొదట అందరినీ కలవరపెట్టింది. పురుషుల వ్యాపారాలలో పెట్టుబడికి మంచి రాబడి రాగా, స్త్రీల వ్యాపారాలలో సగటున ఏమీ రాలేదు. స్త్రీలకు వ్యాపారం చేతకాదని తేల్చివేయడానికి ఇష్టపడేవారికి ఇది మంచి సాకు. 2019లో మరికొందరు పరిశోధకులు భారత్, శ్రీలంక, ఘనా దేశాల వివరాలను తిరిగి పరిశీలించారు. ఆ ఇంట్లో ఆమెది ఒక్కటే వ్యాపారమైతే, ఆమె రాబడి పురుషుల రాబడికి తీసిపోలేదు. ఇంట్లో భర్తకు కూడా వ్యాపారం ఉన్నచోట, ఆమె పేరున వచ్చిన డబ్బు ఆయన వ్యాపారంలోకి వెళ్లింది. అంటే డబ్బు వృథా కాలేదు, లెక్క మాత్రం తప్పుచోట వెతికారు. వాయిదా కట్టే పూచీ ఆమెది, పెట్టుబడి ఫలం మరొకరిది అయినప్పుడు, కనీసం ఆ సంగతి ఇంట్లో మాటగానైనా, పద్దుగానైనా నమోదు కావాలి. అహ్మదాబాదులో సేవా బ్యాంకు మహిళా ఖాతాదారులకు రెండు రోజుల వ్యాపార శిక్షణ ఇచ్చినప్పుడు, ఒంటరిగా పిలిచినవారికంటే స్నేహితురాలిని వెంట తెచ్చుకొమ్మని పిలిచినవారు అప్పు తీసుకొని వ్యాపారానికి వినియోగించడం ఎక్కువగా కనిపించింది. పరవూరికి వచ్చి, పుట్టింటివారూ ఇరుగుపొరుగువారూ దూరమైన స్త్రీలకు ఈ ఫలితం ప్రత్యేకంగా వర్తిస్తుందని నా అభిప్రాయం.

ఇక కొట్టు ఎక్కడ పెట్టాలి అన్న ప్రశ్న. హెరాల్డ్ హోటెలింగ్ 1929లో ప్రచురించిన వ్యాసంలో ఒక పొడవాటి వీధినీ, ఇద్దరు దుకాణదారులనూ ఊహించాడు. ఇద్దరూ ఒకే సరుకు అమ్ముతారు. కొనేవారు దగ్గరి కొట్టుకు వెళ్తారు. అవతలివాడి ఖాతాదారులను కొంత లాక్కోవాలని ఒక్కొక్కరూ జరుగుతూ పోతే, చివరకు ఇద్దరూ వీధి మధ్యలో పక్కపక్కనే చేరతారు. ఎలక్ట్రానిక్ సామానుకు రిచీ వీధి, టోకు బట్టలకు గోడౌన్ వీధి, శుభలేఖలకు ఆండర్సన్ వీధి, వాహనాల విడిభాగాలకు పుదుపేట ఎందుకు పేరుపడ్డాయో దీనితో కొంత బోధపడుతుంది. మరొక కారణం కొనేవాడి వైపునుంచి ఉంది. నలుగురి దగ్గర పోల్చి చూసుకోవచ్చునన్న నమ్మకం ఉంటే అతడు దూరమైనా అక్కడికే వస్తాడు. అయితే హోటెలింగ్ వాదంలో ఒక లోపం ఉన్నదని 1979లో ముగ్గురు ఆర్థికవేత్తలు చూపారు. పక్కపక్కనే చేరి, ఒకే సరుకు అమ్ముతూ, ధరలో కూడా పోటీపడితే ఇద్దరికీ లాభం అడుగంటుతుంది. కనుక దూరంగా జరగాలన్న ఒత్తిడి కూడా ఉంటుంది. ఆచరణలో తేడా సరుకును బట్టి ఉంటుంది. పోల్చి కొనే వస్తువుకు గుంపు మేలు. పాలు, పెరుగు, ఇడ్లీ వంటివి ఎవరూ పోల్చుకోవడానికి బస్సెక్కి వెళ్లరు, గనుక వాటికి ఎడం మేలు.

పోటీ గురించి అందరూ ఉదహరించే పేరు మైకేల్ పోర్టర్. 1979లో ఆయన ప్రతిపాదించిన చట్రంలో అయిదు ఒత్తిళ్లు ఉన్నాయి: ఇప్పటికే ఉన్న పోటీదారులు, రాబోయే కొత్తవారు, మీ సరుకుకు ప్రత్యామ్నాయాలు, మీకు సరుకు వేసేవారి బలం, మీ దగ్గర కొనేవారి బలం. ఇది పెద్ద కంపెనీల కోసం రాసినదైనా టిఫిను బండికి బాగానే సరిపోతుంది. మనం తరచు మొదటిదాన్నే చూస్తాము, అవతలి బండి ఇడ్లీ ఎంతకు అమ్ముతోందని. కాని తక్కువ మదుపుతో బండి పెట్టగలగడం మీకు ఎంత సులువో, రేపు మీ పక్కన పెట్టబోయేవాడికీ అంతే సులువు. ఆ రెండో ఒత్తిడే చిన్న వ్యాపారాల లాభాన్ని తినివేస్తుంది. ధర తగ్గించి నెగ్గాలంటే ఖర్చు అందరికంటే తక్కువ కావాలి, అది చిన్నవాడికి అరుదు. మిగిలినవి, ఏదో ఒకదానిలో వేరుగా ఉండటం, లేదా ఒక చిన్న వర్గానికే పూర్తిగా పనికిరావడం. ఈ నగరంలో ఆంధ్రా మెస్సులు ఇన్నేళ్లుగా నిలబడటం ఈ సూత్రానికి మంచి నిదర్శనం. పప్పు, గోంగూర, పొడి, నెయ్యి, మళ్లీ అడిగితే వడ్డించడం. ఆ విస్తరిలో ధరతో పోటీపడేది ఏదీ లేదు. మొదట తెలుగువారి కోసం పెట్టినవాటి వద్ద నేడు తమిళులు వరుసలో నిలబడుతున్నారు.

పరాయి ఊరి మనిషికి ఆటంకాలు ఉంటాయన్నది నిజం. తిరుపూరు అల్లిక వస్త్ర పరిశ్రమను పరిశీలించి అభిజిత్ బెనర్జీ, కైవాన్ మున్షీ 2004లో ప్రచురించిన పరిశోధనలో, స్థానిక సముదాయంవారు బంధుబలంతో ఎక్కువ పెట్టుబడితో మొదలుపెట్టగలిగారని, బయటివారికి అంత పెట్టుబడి పుట్టలేదని తేలింది. కాని బయటివారి సంస్థల ఉత్పత్తి మరింత వేగంగా పెరిగింది. మదుపు సమర్థత ఉన్నచోటికి కాక, పరిచయం ఉన్నచోటికి ప్రవహిస్తుందని వారి వాదన. బ్యాంకు ఖాతా, నమోదు పత్రం, సకాలంలో కట్టిన వాయిదాల చరిత్ర వంటివి పరిచయం లేని మనిషికి పరిచయంగా పనిచేస్తాయి.

శిక్షణ గురించి క్లుప్తంగా. డొమినికన్ రిపబ్లిక్‌లో కొందరు వ్యాపారులకు పద్ధతి ప్రకారం గణకశాస్త్రం నేర్పారు, మరికొందరికి కొన్ని మోటు సూత్రాలు మాత్రం చెప్పారు. వాటిలో ముఖ్యమైనది ఇంటి డబ్బూ కొట్టు డబ్బూ వేర్వేరు చోట్ల పెట్టడం, మీకోసం నిర్ణీత మొత్తం మాత్రమే తీసుకోవడం. గణకశాస్త్రం నేర్చినవారిలో మార్పు లేదు, మోటు సూత్రాలు విన్నవారి పద్దులు మెరుగుపడ్డాయి. టోగో దేశంలో 1,500 మంది వ్యాపారులపై జరిగి 2017లో వెలువడిన పరిశోధనలో, సంప్రదాయ వ్యాపార శిక్షణ స్పష్టమైన లాభం చూపలేదు. కొత్త అవకాశాలు వెతకడం, అడ్డంకులను ముందే ఊహించడం వంటి చొరవను అలవాటు చేసిన శిక్షణ లాభాన్ని 30 శాతం పెంచింది. కెన్యాలో చిల్లర లేక పోగొట్టుకున్న బేరాలను లెక్కవేస్తే లాభంలో 5 నుంచి 8 శాతం అని తేలింది. ఫోనుతో చెల్లింపులు వచ్చాక ఈ బాధ మనకు తగ్గింది. తగ్గనిది అరువు పుస్తకం.

కొత్త వ్యాపారాలలో ఎన్ని నిలుస్తాయన్నది కూడా తెలుసుకోవాలి. 12 వర్ధమాన దేశాల వివరాలను కలిపి చూసినప్పుడు, మొదటి అయిదేళ్లలో చిన్న వ్యాపారాలు ఏటా సగటున 8.3 శాతం చొప్పున మూతపడుతున్నాయని తేలింది. నష్టం ఒక కారణమే. అనారోగ్యం, కుటుంబ బాధ్యతలు, మంచి జీతం దొరకడం కూడా కారణాలు. మూసివేసిన ప్రతి కొట్టునూ పరాజయంగా లెక్కించరాదు. కాని ఇంట్లో ఒకరు మంచాన పడితే మూతపడే వ్యాపారానికి, నగ తాకట్టు పెట్టే ముందు, ఆ నెలలు గడిచే దారి కూడా చూసుకోవాలి.

ఈ నగరంలో మొదలుపెట్టేవారికి తెలియవలసిన కొన్ని ఏర్పాట్లు. ప్రధానమంత్రి స్వనిధి పథకం వీధి వ్యాపారులకు పూచీకత్తు లేని రుణమిస్తుంది. 2020లో 10,000 రూపాయలతో మొదలైన తొలి విడత, 2025లో చేసిన సవరణతో 15,000 అయింది. దానిని సక్రమంగా తీర్చినవారికి 25,000, ఆపైన 50,000. సకాలంలో కట్టినవారికి వడ్డీలో 7 శాతం రాయితీ ఉంది. పైన లెక్కించిన రోజువారీ ఫైనాన్సుతో దీనిని పోల్చి చూడగలరు. ఉద్యమ్ నమోదుకు రుసుము ఏమీ లేదు. చేయించి పెడతామని డబ్బు అడిగేవారికి ఇవ్వనక్కరలేదు. ఆహారం అమ్మేవారు ఆహార భద్రతా ప్రాధికార సంస్థ వద్ద నమోదు కావాలి. దుకాణపు నామఫలకంపై తమిళం ప్రధానంగా ఉండాలన్నది ఈ రాష్ట్ర నియమం. తెలుగు కూడా చేర్చుకోవచ్చు.

2014నాటి వీధి వ్యాపారుల చట్టం ప్రకారం, సర్వే పూర్తయి ధ్రువపత్రాలు జారీ అయ్యేదాకా ఉన్న వ్యాపారులను ఖాళీ చేయించరాదు. పట్టణ వ్యాపార సంఘంలో నూటికి 40 తక్కువ కాకుండా వీధి వ్యాపారులే ఎన్నుకున్న సభ్యులు ఉండాలి, వారిలో మూడోవంతు స్త్రీలు. స్థలం మార్చాలంటే 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. సరుకు స్వాధీనం చేసుకుంటే దాని జాబితా మీకు అక్కడికక్కడే ఇవ్వాలి, అడిగి తీసుకోండి. నిర్ణీత రుసుము చెల్లించి కోరితే, నిలవ ఉండే సరుకును రెండు పనిదినాలలో, పూలు, కూరలు, పండ్ల వంటి పాడయ్యే సరుకును అదే రోజున తిరిగి అప్పగించాలి.